ప్రతివాది రాలేదు

"జప్తు చెయ్యడం వరకే నా పని," అన్నాడు కోర్టు అమీనా, ఆయాసం తీర్చుకోవడానికి మెట్ల మధ్యలో ఆగి. "ఏం తీసుకెళ్ళాలో నువ్వే వేలు పెట్టి చూపించాలి. నువ్వు చూపించిందే నేను రాసుకుంటా. తర్వాత నన్ననొద్దు."

"చూపిస్తా," అన్నాడు కుర్చీలాయన.

వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. పేముతో కుర్చీలు అల్లుతాడు. తెగిన అల్లికలు విప్పి కొత్తగా అల్లుతాడు. రోజంతా తడి పేముతో పని కాబట్టి వేళ్ళ చివర్లు ఎప్పుడూ నాని తెల్లగా ఉంటాయి. మాట మాత్రం నానదు. ఎండు పేములా చెళ్ళున తగులుతుంది.

మెట్ల పైన బీమా కంపెనీ ఆఫీసు. ఆయన దుకాణం బయట, పేము కట్టలు గోడకు ఆనిస్తున్న ఆయన భార్యను, వెనక్కి వచ్చిన లారీ ఆ గోడకే అదిమేసింది. ఆ లారీకి బీమా ఇచ్చింది ఈ కంపెనీయే. కేసు నడిచినంత కాలం కంపెనీ తరఫున కోర్టుకు ఒక్క పురుగు రాలేదు. పిలిచి పిలిచి బంట్రోతు గొంతు బొంగురుపోయింది. చివరికి జడ్జి ఎదుటి పక్షం లేకుండానే తీర్పు రాశారు. అందులో డబ్బు సంగతి ఎక్కడో అడుగున ఉంది. దానికి పైన ఒక వాక్యం ఉంది: "మృతురాలి వైపు ఏ తప్పూ లేదు."

కుర్చీలాయనకు కావలసింది అదే. అప్పటిదాకా వీధి వీధంతా, "పాపం, చెవుడు కదా, వినపడి ఉండదు" అంటూ వచ్చింది. జాలి పేరు చెప్పి నేరం ఆమె నెత్తినే రుద్దింది. ఆ వాక్యం విన్న రోజు ఆయన పట్టపగలు నిద్రపోయాడు. అంతకుముందు ఎప్పుడు నిద్రపోయాడో ఆయనకే గుర్తులేదు.

తీర్పుకూ కంపెనీ పలకలేదు. డబ్బూ కట్టలేదు. అందుకే ఈ జప్తు.

ఆఫీసు నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. కిటికీలకు ఆకుపచ్చ అద్దాలు. మధ్యాహ్నపు వెలుతురు వాటిలోంచి పాకి వచ్చి బల్లల మీద పడుకుంది. పంకాలు తిరుగుతున్నాయో ఆగుతున్నాయో తెలియడం లేదు. కాగితాల అంచులు చేప రెక్కల్లా కదులుతున్నాయి. మనుషులు తలలెత్తి చూశారు గాని, ఆ చూపు ఎక్కడో లోతులోంచి పైకి తేలి రావడానికి కొంచెం సేపు పట్టింది.

అమీనా కోర్టు ఉత్తర్వు చదివాడు. తమకు సంబంధంలేని ఊళ్ళో వాన పడిందన్న వార్త విన్నట్టు విన్నారు.

కుర్చీలాయన బల్లల మధ్యగా నడిచాడు. ప్లాస్టిక్ కుర్చీలు. ఇనప కుర్చీలు. స్పాంజి ఊడిన తిరుగుడు కుర్చీలు. ఒకదాన్ని మోకాలితో నెట్టాడు. అది అప్పడంలా విరిగేట్టు కిర్రుమంది.

"ఇవి జప్తు చేస్తే కోర్టుకే నష్టం," అన్నాడు అమీనా.

చివర, కిటికీ పక్కన, ఆయన ఆగాడు. టేకు చేతుల కుర్చీ. కూర్చునేచోటా, వీపు వెనకా చేతి అల్లిక. నిలువు, అడ్డం, ఐమూల వరసలు ఒకదాని కింద ఒకటి దూరి, ఎనిమిది మూలల కన్నాలు తేలాయి. కన్నాల్లోంచి ఆకుపచ్చ వెలుతురు కిందకు కారుతోంది. ముందు అంచున నాలుగు పోగులు తెగాయి. ఎవరో చెయ్యి తిరిగినవాడు అల్లినదే. ఆయన తెగినచోట వేలు పెట్టాడు.

"ఇది."

ఆఫీసంతా ఒక్కసారి లేచి నిలబడింది.

"అది మాత్రం వద్దండీ," అంది తలుపు పక్క బల్ల దగ్గరి ఆవిడ. వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర వెయ్యడం ఆవిడ పని. అరచేయి ఊదారంగు సిరాతో మరకలు కట్టి ఉంది. ఆఫీసులో ఆవిడ ముద్రమ్మ.

"ఎవరిదిది?"

"పెద్దసారుది. కోర్టు వ్యవహారాలన్నీ ఆయనే చూస్తారు."

"రమ్మనండి మరి. ఆయనతోనే నాకు పని."

అవతలి బల్ల గుమాస్తా నేలకు చెబుతున్నట్టు, "ఆయన పోయారండీ," అన్నాడు.

"ఎక్కడికి?"

"పోయారు."

కుర్చీలాయన బల్ల వంక చూశాడు. దుమ్ము లేదు. గాజు గ్లాసులో నీళ్ళు, పైన మూత. కళ్ళజోడు పెట్టె. కాగితాల దొంతర మోకాలెత్తున ఉంది. అంచులు చక్కగా సర్ది ఉన్నాయి, గాలికి ఎగరకుండా పైన నున్నటి రాయి ఉంది.

"పోయినాయనకి నీళ్ళెందుకమ్మా?" అన్నాడు అమీనా.

"అలవాటండీ."

అమీనా దొంతరలోకి తొంగిచూశాడు. ఒక కవరు లాగాడు. ఇంకొకటి లాగాడు. నోరు తెరిచాడు. "ఇవి మా కోర్టువే! ఇదిగో సమన్లు. నేనే తెచ్చిచ్చా. ఇది తీర్పు కాపీ. ఇది మొన్నటి నోటీసు." ఒక్కటీ విప్పలేదు. అన్నిటి మీదా ఊదా ముద్ర, వంకర లేకుండా, మూలకు సరిగ్గా.

మేనేజరు తన గదిలోంచి పరుగున వచ్చాడు. "ఏంటిదంతా? మాకీ కేసు సంగతే తెలీదే!"

"మీకు తెలీదు సార్. ఆయనకి తెలుసు," అన్నాడు అమీనా ఖాళీ కుర్చీని చూపిస్తూ.

కుర్చీలాయన నవ్వలేదు. కుర్చీని ఎత్తి భుజాన వేసుకున్నాడు. వెనక ఎవరో వెక్కినట్టు వినిపించింది. ఆయన తిరిగి చూడలేదు.

కోర్టు కొట్టులో కాలు పెట్టే సందు లేదని, ఉత్తర్వు వచ్చేదాకా నీ దగ్గరే ఉంచుకొమ్మని, అమీనా వీధిలోనే ఆయన చేత సంతకం పెట్టించుకున్నాడు.

*

మర్నాడే ఆయన తరఫు లాయరమ్మ కబురంపింది. ఆ కబురు బామ్మర్ది మోసుకొచ్చాడు. దుకాణంలోకి వస్తూనే పేము నానేసిన తొట్టి తన్నుకుని, నీళ్ళు ఒలకబోసి, తిట్లు తినకముందే మొదలుపెట్టాడు.

"దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటే ఇదే బావా. కంపెనీవాళ్ళు కోర్టుకెళ్ళారు. తీర్పు కొట్టేసి కేసు మళ్ళీ మొదట్నుంచీ వినాలంట. ఇన్నాళ్ళ ఆలస్యాన్ని క్షమించాలంట."

"ఆలస్యాన్ని క్షమించడమేంట్రా? ఆలస్యమేమన్నా మనిషా?"

"కోర్టు భాష అంతే బావా. కాగితాలు అసలు ఆఫీసుకే రాలేదని రాశారు."

"రాలేదా? నా కళ్ళతో చూశా."

"అందుకే లాయరమ్మ నవ్వుతోంది. ఆలస్యానికి సరైన కారణం లేకపోతే జడ్జిగారు విసిరికొడతారంట. మనం గెలిచినట్టే. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే చాలన్నది. నీ నోటి సంగతి ఆవిడకీ తెలిసినట్టుంది."

"ఇంకేం రాశారు?"

బామ్మర్ది ఒలికిన నీళ్ళను కాలితో పక్కకు నెడుతూ నిలబడ్డాడు.

"నిన్నే అడిగేది."

"అక్క... అక్కకి చెవుడని రాశారు. అవకాశమిస్తే అది రుజువు చేస్తారంట. లారీ హారను కొట్టింది, ఈవిడే వినక అడ్డమొచ్చిందని."

కుర్చీలాయన చేతిలోని పేము బద్ద టప్పున విరిగింది. తడి బద్ద విరగదు. విరిచేవాడు ఉంటేనే విరుగుతుంది.

"పోనీ బావా, ఎలాగూ గెలుస్తున్నాంగా. ఆ మాట ఎవరూ బయట అనరు ఇక."

"వాళ్ళు రాశార్రా. రాసుకున్నారు."

బామ్మర్ది వెళ్ళిపోయాక ఆయన జప్తు కుర్చీని వెలుతురులోకి లాగాడు. కోర్టు సొత్తు, ముట్టుకోకూడదు. కానీ తెగిన అల్లికను తెగినట్టే చూస్తూ కూర్చోవడం ఆయనకు చేతకాదు. తెగిన పోగులు పీకి, కన్నాల్లోని పాత చీలలు కొట్టి తీసి, కొత్త బద్దలు దూర్చడం మొదలుపెట్టాడు. వీధి మీది ఎండ దుకాణంలోకి వచ్చి, తొట్టిలో నీళ్ళను తాకి, పైకప్పు మీద మెల్లగా ఊగింది. ఇలాంటి పూట ఆయనకు చేతులు మాత్రమే మెలకువగా ఉంటాయి. మిగతా మనిషి ఎక్కడికో పోతాడు.

కుడిచెయ్యి కన్నంలో బద్దను పట్టుకుంది. ఎడమచెయ్యి పక్కకు చాచి, గాల్లో ఆగింది. ఆగి, అలాగే ఉండిపోయింది.

అరచేతిలో తడి బద్ద ఒకటి వచ్చి పడింది.

ఆయన వేళ్ళు మూసుకున్నాయి. బద్దను కన్నంలోకి దూర్చి, లాగి, బిగించాక గాని ఒళ్ళు జలదరించలేదు. తిరిగి చూశాడు. ముద్రమ్మ తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. సిరా చేతులు తడిగా ఉన్నాయి.

"ఎవరిమ్మన్నారు?"

"చెయ్యి చాచారుగా."

"మీకు చాచలా."

"తెలుసు. అయినా ఎంతసేపని అలా చాచి ఉంచుతారు?"

ఆయన తొట్టి పక్కన ఆవిడ కూర్చున్న చోటును చూశాడు. భార్య ఆ పక్కనే కూర్చునేది. బద్దలు అంచులు గీకి, నీళ్ళలో తిప్పి, అడక్కముందే అందించేది. ఆమె పోయాక బద్దల కట్ట ఆయన తన ముందే పెట్టుకుంటున్నాడు. చెయ్యికి ఆ సంగతి ఇంకా తెలియదు.

"ఏం పనిమీదొచ్చారు? కుర్చీ ఇవ్వను."

"అడగడానికి రాలేదు. చూద్దామని." ఆవిడ కుర్చీ చేతిని తాకబోయి ఆగింది. "ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఇందులోనే పోయారండీ. కునుకు తీస్తున్నారనుకున్నాం. ఎప్పుడూ తీసేవారే. లేపకూడదని కాగితాలు చప్పుడు కాకుండా తెచ్చి ముందు పెట్టాను. సాయంత్రం దాకా పెడుతూనే ఉన్నా. ఆ పూట ఎన్నిసార్లు పెట్టానో. ఎప్పుడు పోయారో ఎవరికీ తెలీదు. మర్నాడూ కోర్టు కాగితాలొచ్చాయి. ముద్ర వేశా. కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. ఆయన చోటుకి ఇంకొకర్ని వేస్తామన్నారు. వెయ్యలేదు. అది పెద్దసారి చోటు, అక్కడ పెడితే అయిపోతుందని అందరికీ నమ్మకం. నాకూ."

"అయిపోయిందిగా."

"అయిపోయింది."

"ఆయన చచ్చాడని మీకు తెలీదా?"

"తెలుసు."

"నా భార్య చచ్చిందనీ నాకు తెలుసు. నేనేం దుకాణం మూసి నిద్రపోలేదు. మీ ఆఫీసంతా నిద్రపోయింది. నిద్రలేచి, చచ్చినదాన్ని చెవిటిదని తిట్టారు."

ముద్రమ్మ తల దించుకుంది. "రేపు నన్ను కోర్టుకి రమ్మన్నారు. కాగితాలు రాలేదని చెప్పమన్నారు. ముద్ర నాదే కదా, నేను చెబితేనే నిలబడుతుందంట."

"చెప్పండి. జీతమిచ్చేది వాళ్ళు. నన్ను అడుగుతారేం?"

"అడగడం లేదండీ. చెబుతున్నా అంతే."

ఆవిడ లేచి, తడిచేతులు దులుపుకుని, ఎండలోకి నడిచి వెళ్ళింది. కుర్చీలాయన అల్లిక పూర్తిచేశాడు. కొత్త పోగులు నాలుగూ పాతవాటి మధ్య తెల్లగా, సిగ్గులేకుండా మెరిశాయి. వాటిని చూస్తే ఆయనకు కోపం వచ్చింది. గోనెపట్టా కప్పేశాడు.

*

కోర్టు గది కప్పు చాలా ఎత్తు. మాట్లాడినవాళ్ళ మాటలు అంత ఎత్తుకూ పోయి, అక్కడ కాసేపు తిరిగి, అలిసిపోయి కిందకు దిగుతున్నాయి. కుర్చీలాయన లాయరమ్మ వెనక కూర్చున్నాడు. పక్కన బామ్మర్ది. అటువైపు బల్ల దగ్గర కంపెనీ లాయరు, మేనేజరు, వాళ్ళ వెనక ముద్రమ్మ. ఇంతకుముందు ఆయన ఈ గదికి వచ్చిన ప్రతిసారీ అటువైపు బల్ల ఖాళీగా ఉండేది. ఇవాళ అటు మనుషులు ఉండటం ఆయనకు వింతగా తోచింది. వాళ్ళకు మొహాలున్నాయి. ఒకాయన ముక్కు తుడుచుకుంటున్నాడు.

కంపెనీ లాయరు చదివాడు. సమన్లు అందలేదు. తీర్పు సంగతి జప్తు రోజునే తెలిసింది. ఆలస్యం కావాలని చేసింది కాదు. మృతురాలికి వినికిడి లోపం ఉన్నందున...

ఆ మాట దగ్గర కుర్చీలాయన కదిలాడు. బామ్మర్ది ఆయన మోకాలు నొక్కి పట్టుకున్నాడు.

జడ్జి ముద్రమ్మను పిలిచారు. జడ్జి పెద్దావిడ. కళ్ళజోడు పైనుంచి చూస్తున్నారు. "ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునేది మీరేనా?"

"నేనేనండీ."

"ఈ కేసు కాగితాలు వచ్చాయా, రాలేదా?"

ముద్రమ్మ మేనేజరు వైపు చూడలేదు. తన అరచేయి వైపు చూసుకుంది. "వచ్చాయండీ."

మేనేజరు కుర్చీ కిర్రుమంది.

"వస్తే ఏం చేశారు?"

"ముద్ర వేసి పెద్దసారి ముందు పెట్టానండీ."

"ఆయనేం చేశారు?"

"ఆయన అప్పటికే పోయారండీ."

వెనక బెంచీల్లో నవ్వు పుట్టింది. జడ్జి నవ్వలేదు. పైకప్పు దగ్గర ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది.

"లాయరుగారూ," అన్నారు జడ్జి. "కాగితాలు రాలేదని ప్రమాణం చేసి రాశారు. ఈవిడ వచ్చాయంటోంది. మరి ఆలస్యానికి మీ కారణమేంటి? చనిపోయినాయన తీరిక చేసుకుని చదవలేదనా?" కలం అందుకున్నారు. "పిటిషన్..."

లాయరమ్మ అప్పటికే కాగితాలు సర్దుకుంటోంది.

"కొట్టెయ్యకండి," అన్నాడు కుర్చీలాయన.

ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు. బామ్మర్ది చెయ్యి పట్టుకు లాగుతున్నాడు. "బావా, పిచ్చా నీకు? కూర్చో!"

"కూర్చోండి," అంది లాయరమ్మ పళ్ళ బిగువున. "గెలిచాం."

"మాట్లాడనివ్వండి," అన్నారు జడ్జి. "ఏంటి మీరనేది?"

కుర్చీలాయనకు ఉపన్యాసాలు రావు. "మీరు ఆ తీర్పు చదివిన రోజు నేనిక్కడే ఉన్నానమ్మా. అటుపక్క ఎవరూ లేరు. నా పెళ్ళాం ఎలా పోయిందో నేను గోడకి చెప్పుకున్నా. తప్పు ఆమెది కాదని మీరు రాశారు. అదీ గోడే విన్నది. కాపీ పంపితే, పోయినాయన ముందు పెట్టారు. మీరు రాసిన ఆ మాట వీళ్ళలో ఒక్కడి చెవిలో కూడా పడలా. చెవుడు ఎవరికమ్మా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇవాళ వచ్చారుగా, మేలుకున్నారుగా. విననివ్వండి. కేసు మళ్ళీ తెరవండి. ఆ డ్రైవరుని పిలిపించండి. హారను కొట్టానని నా మొహం చూసి చెప్పమనండి. వీళ్ళ మేనేజరు కూడా ఇక్కడ నిలబడి, మా ఆవిడదే తప్పని నోటితో అనాలి. కాగితం మీద కాదు."

"మళ్ళీ మొదట్నుంచీ విచారణ అంటే, మీరు ఓడిపోవచ్చు కూడా. ఆ వాక్యం చెరిగిపోవచ్చు. తెలుసా?"

చెరిగిపోవచ్చు. వీధి మళ్ళీ జాలి మొదలుపెడుతుంది. పగటి నిద్ర కూడా ఉండదు.

"తెలుసు," అన్నాడు.

జడ్జి కలం కింద పెట్టారు. "అవతలివాళ్ళే అభ్యంతరం లేదంటున్నారు. ఇక నేను అడ్డుపడటం దేనికి? డ్రైవరుని ఎప్పుడు హాజరుపరుస్తారు లాయరుగారూ?"

అడిగింది దొరికినందుకు కంపెనీ లాయరు మొహం వెలిగింది. మేనేజరు వైపు వంగాడు. మేనేజరు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. వెలుగు మెల్లగా ఆరిపోయింది. మళ్ళీ గుసగుసలు. మేనేజరు తల అడ్డంగా ఊపుతున్నాడు, ఊపుతూనే ఉన్నాడు, గాలికి ఊగే ఖాళీ తలుపులా.

"పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నామండీ," అన్నాడు లాయరు.

"అంటే?"

"తీర్పుకు కట్టుబడి ఉంటాం. డబ్బు కట్టేస్తాం. విచారణ అక్కర్లేదు."

జడ్జి ఒక్క క్షణం కుర్చీలాయన వైపు చూసి, వంగి రాసుకున్నారు. తీర్పు యథాతథం. బంట్రోతు తర్వాతి కేసు పిలిచాడు.

అంతే. అటువైపు బల్ల దగ్గరివాళ్ళు లేచి, కాగితాలు సంచుల్లో వేసుకుని వెళ్ళిపోయారు. ముక్కు తుడుచుకునే ఆయన తుడుచుకుంటూనే వెళ్ళాడు. బల్ల మళ్ళీ ఖాళీ. కుర్చీలాయన ఇంకా నిలబడే ఉన్నాడు. చెప్పడానికి నోట్లో పెట్టుకున్నదంతా నోట్లోనే ఉండిపోయింది.

*

వరండాలో బామ్మర్ది ఆయన్ని కౌగిలించుకుని, ఏడ్చి, నవ్వి, "నీ గుండె గుండె కాదు బావా, రోకలిబండ" అని, లాయరమ్మకు టీ ఇప్పించడానికి పరిగెత్తాడు. కుర్చీలాయన గోడ పక్క బెంచీ మీద కూలబడ్డాడు. కేసులు అయిపోయినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. పొడుగాటి వరండా. అవతలి కొసన తెరిచిన తలుపులోంచి తెల్లటి ఎండ. అందులోకి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే కరిగిపోతున్నారు.

బెంచీ రెండో కొసన ముద్రమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో.

"ఎందుకు పారిపోయారు మీవాళ్ళు?" అన్నాడాయన.

"మొన్న జప్తయిన సాయంత్రం మేనేజరు పిలిపిస్తే, డ్రైవరు ఆఫీసుకొచ్చి ఏడ్చి వెళ్ళాడండీ. హారను కొట్టలేదంట. వెనక్కి చూడను కూడా లేదంట. బోనెక్కితే అదే చెబుతానన్నాడు. లాయరుగారికి ఆ సంగతి ఇప్పుడే చెప్పారు."

"అంటే తెలుసు."

"తెలుసు."

"తెలిసే రాశారు, చెవిటిదని."

ఆవిడ అరచేతిలోని సిరా మరకను వేలితో రుద్దుకుంది.

"మీ ఉద్యోగం?"

"రేపట్నుంచి రావద్దన్నారు." నీళ్ళు రావు, కరెంటు పోయింది అన్నంత మామూలుగా అంది.

ఆయన చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూశాడు. "నేను క్షమించనమ్మా. మీ ఆఫీసుని. మిమ్మల్ని కూడా. నిజం చెప్పారు, బాగుంది. కానీ ఆ తీర్పు కవరు మీద రోజూ దుమ్ము దులిపారు. ఒక్కసారి విప్పి చూడలేదు."

"క్షమించమని నేనడగలేదండీ."

"మరి ఇంకా ఇక్కడెందుకు?"

వరండా దాదాపు ఖాళీ అయింది. ఊడ్చే మనిషి అవతలి కొస నుంచి చీపురుతో వస్తున్నాడు. ఒక్కో గది తలుపూ దగ్గరకు వేస్తుంటే వెలుతురు మెట్టు మెట్టుగా తగ్గుతోంది. ముద్రమ్మ బెంచీ మీద కొంచెం దగ్గరికి జరిగింది.

"ఆవిడకి అసలేమీ వినపడేది కాదా?"

ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు. వీధి అడగలేదు, తనకు తెలుసనుకుంది. కోర్టు అడగలేదు, అవసరం పడలేదు. ఆయన ఆవిడ వైపు చూశాడు, ఎగతాళేమోనని. కాదు.

"ఒక చెవి," అన్నాడు. "ఒక చెవే. రెండోది మీకూ నాకూ కన్నా బాగా వినపడేది. తడి పేము ఎండేటప్పుడు చిటపటమంటుంది, అది నాకు వినపడదు. ఆమెకి వినపడేది. ఏ కట్ట ఎండిందో విని చెప్పేది, చూడకుండా."

"ఆ రోజు?"

"ఆ రోజు..." ఆయన ఆగాడు. చీపురు శబ్దం వాళ్ళ దాకా వచ్చింది. ఊడ్చే మనిషి వాళ్ళ కాళ్ళ వంక చూశాడు. ఇద్దరూ కాళ్ళు పైకెత్తారు. చీపురు కిందనుంచి వెళ్ళిపోయింది. కాళ్ళు దించారు.

"చెప్పండి," అంది ఆవిడ. "నాకేం తొందర లేదు."

కుర్చీలాయన గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్నుంచీ మబ్బుగా ఉందమ్మా ఆ రోజు," అన్నాడు. "మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. ఎండొచ్చింది, కట్టలు బయట పెడతానంది..."